శరీరానికి ఏ ఊరి పంచాంగం?

ఆలయ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం

ఈ దేశంలో పుట్టి, ఆదివారం తెలుగు బడిలో అక్షరాలు దిద్దుకొని, నేడు ఈ ఉత్సవాన్ని మీ చేతులమీదుగా నడిపిస్తున్న యువతీయువకులకు ప్రత్యేక అభినందనలు. ఈ ప్రసంగం ప్రధానంగా మీ కోసమే. పెద్దల గురించి కూడా కొన్ని మాటలు చెబుతాను. వారు మన్నింతురు గాక.

మీలో చాలామంది చిన్నతనంలో ఇంట్లో ఒక ప్రశ్న వేసి ఉంటారు. “అమ్మమ్మావాళ్లకు ఉగాది రేపట కదా, మరి మనకు ఈరోజు ఎలా వచ్చింది?” అని. దీనికి మన పురోహితులు చెప్పే సమాధానం చాలా సరళమైనది. సూర్యోదయ వేళకు పాడ్యమి ఉన్న రోజు ఉగాది. చంద్రుడు లోకానికంతటికీ ఒక్కడే గాని, సూర్యోదయం మాత్రం ఊరికొకటి. అందువల్ల కొన్ని సంవత్సరాలలో హైదరాబాదుకు ఒక తేదీ, మన మిషిగన్‌కు మరొక తేదీ వస్తుంది. మన ఆలయం ఈ ఊరి సూర్యోదయానికి గుణించిన పంచాంగాన్నే పాటిస్తుంది. శ్రీవారి స్వస్థలం తిరుమల కదా అని అక్కడి సమయానికి ఇక్కడ సుప్రభాతం పాడరు.

దేవాలయం ఎన్నడో తేల్చుకొన్న ఈ విషయాన్ని మన ఇళ్లు ఇంకా తేల్చుకోలేదన్నది, వైద్యురాలిగా నేను ప్రతిరోజూ గమనిస్తున్న సంగతి. ఉద్యోగం ఒక ఊరి కాలంలో, ఫోను మరొక ఊరి కాలంలో, భోజనం ఏ ఊరికీ చెందని కాలంలో సాగుతున్నాయి. మనస్సు రెండు కాలాలలో జీవించగలదు. వలస వచ్చిన వారందరూ అలాగే జీవిస్తారు. శరీరానికి ఆ శక్తి లేదు. అది ఒక్క పంచాంగాన్నే అర్థం చేసుకొంటుంది. ఎందుకో వివరించడానికి ప్రయత్నిస్తాను.

మన పూర్వులు రోజును 60 ఘడియలుగా విభజించారు; ఘడియకు 24 నిమిషాలు. అడుగున సన్నని రంధ్రం గల చిన్న గిన్నెను నీటిపై తేలవేస్తే, నీరు మెల్లగా లోనికి చేరి, ఒక ఘడియ పూర్తి కాగానే అది మునిగిపోయేది. దానిని గడియకుడుక అనేవారు. ‘గడియారం’ అనే మాటలో ఉన్న గడియ అదే. రంధ్రాన్ని ఎంత నేర్పుతో తొలిచినా ఒక గిన్నెకూ మరొక గిన్నెకూ కొద్దిపాటి తేడా తప్పదు. అయితే లెక్క ప్రతి ఉదయం సూర్యోదయంతో మళ్లీ మొదలయ్యేది గనుక ఆ తేడా రోజురోజుకూ పోగుపడేది కాదు.

శరీరంలోని గడియారం ఇటువంటిదే. అది స్వయంగా నడుస్తుంది. కాని సరిగ్గా 24 గంటలు నడవదు. ప్రతిరోజూ ఎవరో దానిని సరిదిద్దవలసి ఉంటుంది. ఈ మూడు విషయాలను తెలుసుకోవడానికి శాస్త్రజ్ఞులకు దాదాపు మూడు శతాబ్దాలు పట్టింది.

1729లో ఫ్రాన్సుకు చెందిన ద మేరాన్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు, మన అత్తిపత్తి వంటి ఒక మొక్కను చీకటిలో ఉంచాడు. పగలు ఆకులు విప్పి, రాత్రి ముడుచుకోవడం దాని స్వభావం. వెలుతురు ఏమాత్రం లేని చోట కూడా ఆ ఆకులు వేళకు విచ్చుకొని వేళకు ముడుచుకొన్నాయి. అంటే కాలజ్ఞానం బయటి వెలుగులో మాత్రమే కాదు, మొక్క లోపల కూడా ఉన్నది.

మనుషుల విషయం తేలడానికి గుహలు అవసరమయ్యాయి. 1938లో నతానియేల్ క్లైట్‌మన్ అనే నిద్రాశాస్త్రజ్ఞుడు తన విద్యార్థితో కలిసి కెంటకీ రాష్ట్రంలోని మామత్ గుహలో 32 రోజులు ఉండి, రోజుకు 28 గంటల చొప్పున జీవించాలని ప్రయత్నించాడు. విద్యార్థి శరీరం అందుకు ఒప్పుకొంది. గురువుగారి శరీరం ఒప్పుకోలేదు. తరువాత 1962 జూలై 16న మిషెల్ సిఫ్ర్ అనే 23 ఏళ్ల ఫ్రెంచి యువకుడు ఆల్ప్స్ పర్వతాలలోని ఒక గుహలోకి గడియారం లేకుండా ఒంటరిగా దిగాడు. అతడు వెలుపలికి వచ్చిన రోజు సెప్టెంబరు 14. అతని లెక్క ప్రకారం అది ఆగస్టు 20! మనస్సు 25 రోజుల లెక్క తప్పింది. కాని అతడు నిద్రపోయిన, మేల్కొన్న వేళలను వెలుపలి వారు నమోదు చేసి చూస్తే, శరీరం మాత్రం 24 గంటలకు కొంచెం మించిన ఆవృత్తితో క్రమంగా నడిచింది. ఇటీవలి జాగ్రత్తైన కొలతలలో ఆ ఆవృత్తి సగటున 24 గంటల 11 నిమిషాలని తేలింది. గడియకుడుక రంధ్రంలోని తేడా వంటిదన్నమాట, ఈ 11 నిమిషాలు.

ఈ గడియారం మెదడులో, రెండు కళ్ల నాడులు ఒకదానినొకటి దాటే చోటుకు సరిగ్గా పైన ఉన్నది. దాదాపు 20,000 నాడీకణాల చిన్న ముద్ద. 1990లో జరిగిన ఒక ప్రయోగం నాకు విద్యార్థి దశనుంచీ ఆశ్చర్యం కలిగిస్తూనే ఉన్నది. హామ్‌స్టర్ అనే ఎలుకను పోలిన జంతువులలో, పుట్టుకతోనే గడియారం వేగంగా నడిచే ఒక రకం ఉన్నది. ఒక జంతువులోని ఆ కణాల ముద్దను తొలగించి, మరొక జంతువు నుంచి తీసిన కణాలను అక్కడ అమర్చితే, అది దాత ఆవృత్తి ప్రకారమే పగలూ రాత్రీ గడపడం మొదలుపెట్టింది. శరీరం తనదే, కాలం మాత్రం పరాయిది.

ఒక్కొక్క కణం లోపల ఈ గడియారం ఎలా నడుస్తుందో పండ్ల ఈగలు చెప్పాయి. 1971లో కొనోప్కా, బెంజర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు, ఒకే ఒక జన్యువులో మార్పు వస్తే ఈగ దినచర్య తారుమారవుతుందని చూపారు. ఆ జన్యువు ఒక ప్రోటీనును తయారు చేయిస్తుంది. ప్రోటీను మెల్లగా పోగుపడి, కేంద్రకంలోనికి ప్రవేశించి, తనను తయారు చేయించిన జన్యువునే ఆపివేస్తుంది. తరువాత ప్రోటీను క్రమంగా నశిస్తుంది. జన్యువు తిరిగి పని ప్రారంభిస్తుంది. గిన్నె నిండడం, మునగడం, ఖాళీ చేసి మళ్లీ తేలవేయడం. ఈ యంత్రాంగాన్ని విప్పి చూపిన జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్ గార్లకు 2017లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

ఇక దిద్దేవాడు ఎవరు? సూర్యుడు. మన కంటిలో చూపునకు సంబంధించిన కణాలు కాక, వెలుతురును కొలిచే పనికోసమే ప్రత్యేకించిన కణాలు కొన్ని ఉన్నవని 2002లో స్పష్టంగా తేలింది. ఇవి నీలివన్నె వెలుగుకు ఎక్కువగా స్పందిస్తాయి. నేరుగా ఆ గడియారానికి కబురు పంపుతాయి. ఉదయపు వెలుగు గడియారాన్ని ముందుకు జరుపుతుంది. రాత్రి పడే వెలుగు వెనుకకు నెడుతుంది. చీకటి పడిన తరువాత పీనియల్ గ్రంథి నుంచి మెలటోనిన్ అనే హార్మోను రక్తంలోకి చేరి, ‘రాత్రి అయింది’ అని అవయవాలన్నింటికీ చాటింపు వేస్తుంది.

బాగా వెలుగున్న గది అని మనం అనుకొనే చోట వెలుతురు కొలత సుమారు 300 లక్స్ ఉంటుంది. మబ్బు పట్టిన రోజున కూడా ఆరుబయట అది వేలల్లో ఉంటుంది. ఎండ కాస్తే లక్ష దాకా పోతుంది. మన కంటికి ఈ తేడా అంతగా తెలియదు, గడియారానికి బాగా తెలుస్తుంది. ఈ రాష్ట్రంలో పెరిగిన మీకు ఇది మరింత ముఖ్యం. హైదరాబాదులో ఏడాది పొడవునా సూర్యోదయ వేళలో వచ్చే మార్పు సుమారు ఒక గంట. ఇక్కడ జూన్‌లో ఆరుగంటలకు ఉదయించే సూర్యుడు, జనవరి మొదట్లో ఎనిమిదింటికి గాని రాడు. పైగా మనం తూర్పు కాలమండలానికి పడమటి అంచున ఉన్నాము. గోడ గడియారం కంటె మన సూర్యుడు అరగంట వెనుకబడే ఉంటాడు. గరాజ్‌లో కారెక్కి, పార్కింగ్ డెక్‌లో దిగి, చీకటి పడ్డాక తిరిగివచ్చే మనిషి శరీరం, శీతకాలంలో ఎన్నో వారాలు సూర్యుణ్ణే చూడక, గుహలోని సిఫ్ర్ వలె లెక్క తప్పుతుంది.

ఇంతవరకు చెప్పినది మెదడులోని గడియారం గురించి. అది ఒక్కటే ఉంటే నేను ఈ ప్రసంగానికి ఒప్పుకొనేదానిని కాను. కాలేయానికీ, క్లోమానికీ, గుండెకూ, కొవ్వు కణాలకూ తమ తమ గడియారాలు ఉన్నాయి. మెదడు గడియారం వెలుగును చూసి దిద్దుకొంటుంది. కాలేయపు గడియారం మాత్రం ముఖ్యంగా అన్నాన్ని చూసి దిద్దుకొంటుంది. ఎలుకలకు అవి మామూలుగా నిద్రించే వేళలో మాత్రమే ఆహారం పెడితే, కొద్దిరోజులలో కాలేయం ఆ కొత్త వేళకు మారిపోయింది. మెదడు మాత్రం పాత వేళలోనే ఉన్నది. ఒకే శరీరంలో రెండు ఊళ్ల కాలం.

ఇప్పుడు నా పరీక్ష గదిలోకి రండి. నేను చెప్పబోయేది ఒక వ్యక్తి గురించి కాదు, చాలామందిని కలిపి ఒకరుగా చెబుతున్నాను. ఆయన వయస్సు 45 దాటింది. మోటారు వాహనాల రంగంలో ఇంజనీరు. పొగ తాగరు, మద్యం ముట్టరు, శాకాహారి, చూడడానికి లావుగా కూడా ఉండరు. అయినా మూడు నెలల చక్కెర సగటు ప్రతి పరీక్షకూ పెరుగుతూ వస్తున్నది. “తీపి ముట్టనే ముట్టను డాక్టరుగారూ” అంటారు, అది నిజమే. నేను ‘ఏమి తింటారు’ అని కాక ‘ఎప్పుడు తింటారు’ అని అడుగుతాను. ఉదయం కాఫీ తప్ప మరేమీ ఉండదు. మధ్యాహ్నం ఆఫీసులో ఏదో చిన్న తిండి. రాత్రి 9 గంటలకు, హైదరాబాదులో తెల్లవారి అక్కడి జట్టు పనిలోకి దిగే వేళకు, కాల్ మొదలవుతుంది. కాల్ సాగుతున్నంతసేపూ పక్కన కారప్పూస. 11 గంటలకు అన్నం, పప్పు, ఆవకాయ, చివర పెరుగన్నం. ఒంటిగంటకు నిద్ర. ఆరున్నరకు అలారం.

ఆ 11 గంటల అన్నం దగ్గర ఆగుదాము. అప్పటికి రక్తంలో మెలటోనిన్ పెరుగుతూ ఉంటుంది. మెలటోనిన్ క్లోమానికి కూడా రాత్రి సంకేతమే. ఆ వేళకు ఇన్సులిన్ విడుదల మందగిస్తుంది. కండరాలు కూడా ఇన్సులిన్ మాటను ఉదయం విన్నంత చక్కగా రాత్రి వినవు. అందుచేత అదే పళ్లెం, అదే అన్నం, ఉదయం తింటే ఒక రకంగానూ, అర్ధరాత్రి తింటే మరొక రకంగానూ రక్తంలో చక్కెరను పెంచుతుంది. ఈ మెలటోనిన్ సంకేతాన్ని అందుకొనే గ్రాహకపు జన్యువులోనే ఒక మార్పు మధుమేహ ప్రమాదాన్ని పెంచుతుందని 2009లో బయటపడినప్పుడు, నిద్రకూ చక్కెరకూ సంబంధమేమిటని నవ్విన వారు కూడా ఆలోచనలో పడ్డారు.

దక్షిణాసియా వాసులకు మధుమేహం ఇతరులకంటె చిన్న వయస్సులో, తక్కువ బరువులోనే వస్తుందని మీకు తెలిసే ఉంటుంది. అందుకే మన వంటి వారికి శరీర బరువు సూచిక 23 దాటితేనే పరీక్షించాలని అమెరికా మధుమేహ సంఘం సూచించింది. ఇతరులకు ఆ హద్దు 25. ఆ జన్యువులు మీకు కూడా వచ్చాయి. మీ నాన్నగారు రాత్రి కాల్‌కు కూర్చొనే వేళకు మీరు పక్క గదిలో అర్ధరాత్రి వరకు చదువుకొంటూ చిప్స్ పొట్లం విప్పుతారు. ఇల్లు ఒకటే, వేళలు కూడా ఒకటే.

నేను ఆయనకు ఉద్యోగం మానమని చెప్పను, కాల్ మానమని కూడా చెప్పను. కాల్‌కు ముందు, ఆరున్నర ఏడు గంటల మధ్య కుటుంబంతో కలిసి భోజనం ముగించమంటాను. ఆ తరువాత మంచినీళ్లు తప్ప మరేమీ వద్దంటాను. ఇందులో మందు లేదు, ఖర్చు లేదు. అయినా నేను రాసే చీటీలన్నింటిలోకి ఆచరణకు అతి కష్టమైనది ఇదేనని అనుభవంమీద గ్రహించాను. ఆ వేళకు ఒకరికి పిల్లల ఈత శిక్షణ, మరొకరికి కూచిపూడి క్లాసు, ఇంకొకరికి ట్రాఫిక్. వంట చేసే మనిషికి కూడా ఉద్యోగం ఉన్నది. మీలో పదహారేళ్లు దాటిన వారు వారంలో మూడు రోజులు కుక్కర్ పెట్టగలిగితే, మీ నాన్నగారి చక్కెరకు నేను రాసే కొన్ని మాత్రలకంటె మేలు జరగవచ్చు.

కొందరికి రాత్రి అంటే కాల్ కాదు, పూర్తి డ్యూటీ. మన సభ్యులలో నర్సులు ఉన్నారు, రెసిడెన్సీ చేస్తున్న యువ వైద్యులు ఉన్నారు, మోటళ్లు, గ్యాస్ స్టేషన్లు, మందుల దుకాణాలు నడిపే వారున్నారు. నర్సులను దీర్ఘకాలం పరిశీలించిన అధ్యయనంలో, మారుతూ వచ్చే రాత్రి షిఫ్టులు ఎన్ని ఎక్కువ సంవత్సరాలు చేస్తే మధుమేహ ప్రమాదం అంత పెరుగుతుందని తేలింది. కాన్సరుకు బహుశా కారణం కాగలదని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధన విభాగం 2007లోనే రాత్రి షిఫ్టును వర్గీకరించింది. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. రాత్రి పని మానుకోమని తేలికగా సలహా ఇచ్చే వైద్యునికి ఆ ఇంటి లెక్కలు తెలియవు.

చేయగలిగినది కొంత ఉన్నది. 2021లో ప్రచురితమైన ఒక బోస్టన్ అధ్యయనంలో, కొద్దిమంది ఆరోగ్యవంతులను ప్రయోగశాలలో రాత్రి షిఫ్టు వంటి పరిస్థితిలో ఉంచారు. రాత్రి కూడా భోజనం చేసిన వారిలో చక్కెర పెరిగింది. పగటి వేళ మాత్రమే తిన్నవారిలో పెరగలేదు. చిన్న అధ్యయనమే, కాని నర్సులు ఆచరించగలిగిన సలహా అందులో ఉన్నది. డ్యూటీకి ముందు కడుపునిండా తిని, అర్ధరాత్రి నుంచి తెల్లవారేదాకా వీలైనంత తక్కువ తినడం. ఇన్సులిన్, చక్కెరను తగ్గించే కొన్ని రకాల మాత్రలు వాడేవారు మాత్రం తమ వైద్యుని అడగకుండా ఈ పని చేయరాదు.

మిగిలినది పిల్లల చేతిలో ఉన్నది. రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకొన్న తల్లికి పగలు పదకొండు గంటలంటే, మీకు అర్ధరాత్రి రెండు గంటలు వంటిది. బడి కాగితంమీద సంతకానికి, వైఫై పనిచేయలేదన్న ఫిర్యాదుకు మీ స్నేహితుల ఇంట్లో అర్ధరాత్రి రెండింటికి ఎవరినీ లేపరు కదా! ఆమె గదికి మందమైన కర్టెన్లు, తలుపుమీద ఒక చీటీ, అమ్మ నిద్రపోతున్నదని బంధువులకు చెప్పి ఫోను తీసుకొనే ఒక మనిషి. ఆ మనిషి మీరు కావచ్చు.

ఇక పెద్దలకు చెప్పవలసిన మాట ఒకటి ఉన్నది. మన ఇళ్లలో ఆదివారం ఉదయం తరచు వినిపించే నింద: “పదకొండయినా లేవడు, వట్టి సోమరి.” కౌమారంలో ప్రవేశించిన పిల్లలలో మెలటోనిన్ పెరిగే వేళ ఒకటి రెండు గంటలు ఆలస్యమవుతుంది. ఈ జరుగుబాటు సుమారు ఇరవయ్యో ఏట పరాకాష్ఠకు చేరి, తరువాత మెల్లగా వెనుకకు వస్తుంది. ఇది అమెరికా పెంపకం తప్పు కాదు. అనేక దేశాలలో, అనేక సంస్కృతులలో కనిపించినదే. రాత్రి పదింటికి పడుకోమంటే పడుకోగలరు, నిద్ర మాత్రం రాదు. ఉదయం ఆరుంపావుకు లేపితే లేస్తారు. కాని వారి మెదడుకు అది ఇంకా నాలుగు గంటలే. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వారికి 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని నిద్రావైద్య నిపుణుల నిర్ణయం. రాత్రి పదకొండున్నరకు నిద్ర పట్టే పిల్లవాడిని తెల్లవారకముందే బస్సెక్కిస్తే ఆ లెక్క ఎలా కుదురుతుంది? ఈ కారణంచేతనే పెద్ద తరగతుల పిల్లల బడులు ఉదయం 8:30 కంటె ముందు మొదలు కారాదని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2014లో కోరింది. కాలిఫోర్నియా 2022 నుంచి హైస్కూళ్లకు దానిని చట్టం చేసింది. మన స్కూల్ బోర్డు సమావేశాలలో గణిత తరగతుల గురించి మాట్లాడే తల్లిదండ్రులను చాలామందిని చూశాను. బడి వేళ గురించి మాట్లాడిన వారిని చూడలేదు.

బ్రాహ్మీముహూర్తంలో లేవాలి కదా అని కొందరు పెద్దలు నన్ను నిలదీస్తారు. వాగ్భటుని అష్టాంగహృదయంలో దినచర్యాధ్యాయం ఆ మాటతోనే మొదలవుతుంది, నిజమే. ఆయన దానిని ఆరోగ్యవంతునికి చెప్పాడు. పైగా ఆ ముహూర్తం గోడ గడియారంలోని నాలుగు గంటలు కాదు, సూర్యోదయానికి 96 నిమిషాల ముందు మొదలయ్యే 48 నిమిషాలు. మిషిగన్‌లో జనవరి మొదటి వారంలో సూర్యోదయం ఎనిమిదింటికి. అంటే బ్రాహ్మీముహూర్తం 6:24కు మొదలై 7:12కు ముగుస్తుంది. ఆరున్నరకు లేచి బస్సుకు పరుగెత్తే మీ అమ్మాయి శాస్త్రోక్తంగానే లేస్తున్నది! నాలుగింటికే లేవాలన్నవారు మళ్లీ హైదరాబాదు పంచాంగమే పట్టుకొన్నారన్నమాట.

అయితే యువతకు కూడా ఇందులో పూర్తి విముక్తి లేదు. స్వభావం గంట జరిపితే, మీరు మరొక రెండు గంటలు జరుపుతున్నారు. ఫోను వెలుగు కొంత చేటు చేస్తుంది. నా అభిప్రాయంలో ఆ వెలుగుకంటె, అవతలి వైపు ఇంకా మేల్కొని ఉన్న స్నేహితులే ఎక్కువ చేటు చేస్తారు. వారమంతా ఆరున్నరకు లేచి, శని ఆదివారాలు మధ్యాహ్నం దాకా పడుకోవడమంటే, ప్రతి శుక్రవారం విమానమెక్కి పసిఫిక్ తీరానికి వెళ్లి, ప్రతి సోమవారం తిరిగి రావడం వంటిది. మ్యూనిక్ శాస్త్రజ్ఞుడు టిల్ రోయెన్‌బెర్గ్ దీనికి సామాజిక జెట్‌లాగ్ అని పేరు పెట్టాడు. సెలవు రోజున ఒక గంట ఎక్కువ నిద్రపోండి, తప్పు లేదు. లేచిన వెంటనే మాత్రం, చలి అయినా సరే, కోటు వేసుకొని ఇరవై నిమిషాలు ఆరుబయట నడవండి. కిటికీ పక్కన కూర్చోవడం దానికి సాటి రాదు.

వేసవిలో మన ఇళ్లకు వచ్చే తాతగారి, నాయనమ్మగారి విషయం క్లుప్తంగా చెబుతాను. ఇక్కడికీ భారతదేశానికీ వేసవిలో తేడా తొమ్మిదిన్నర గంటలు. శరీరం రోజుకు సుమారు ఒక గంట చొప్పున మాత్రమే సర్దుకొంటుంది గనుక, మొదటి వారం పైగా వారు ఇక్కడి రాత్రిలో మేల్కొని ఉంటారు. తెలియని ఇంట్లో, చీకటిలో, మెట్లమీద. ఆ వారం రోజులు మెట్లకూ బాత్‌రూముకూ చిన్న దీపం ఉంచండి. ఉదయం, సాయంత్రం వారిని వాకిట్లోకి తీసుకురండి. ఇన్సులిన్ వాడేవారు ప్రయాణపు రోజున, దిగిన మొదటి రెండు రోజులలో ఏ మోతాదు ఎప్పుడు తీసుకోవాలో అక్కడ బయలుదేరక ముందే వారి వైద్యునిచేత కాగితంమీద రాయించండి. అలాగే, రక్తపోటు, స్టెరాయిడ్, కొలెస్టరాల్ మందులు ఏ వేళకు వేసుకోమన్నారో ఆ వేళకే వేసుకోవడం చాదస్తం కాదు. గుండెపోటులు ఉదయం ఆరు నుంచి మధ్యాహ్నం లోపు ఎక్కువగా వస్తాయని 1985 నుంచీ మాకు తెలుసు. మేల్కొనే వేళకు రక్తపోటు, కార్టిసాల్ పెరగడం, రక్తం గడ్డకట్టే గుణం హెచ్చడం అందుకు కారణాలలో కొన్ని.

చివరగా ఆలయానికి సంబంధించిన రెండు విన్నపాలు. మొదటిది కార్యవర్గానికి. మన సాంస్కృతిక కార్యక్రమాలు ఆరింటికని ప్రకటించి ఏడింటికి మొదలై, భోజనాలు పదింటికి వడ్డించబడుతున్నాయి. పులిహోర, చక్కెర పొంగలి, మజ్జిగ పులుసు, అన్నీ ఆ వేళకు. ఈ సభలో నా రోగులు కనీసం పాతికమంది ఉన్నారు. వారు ఆదివారం ఉదయం చూసుకొనే అంకెలు నాకు సోమవారం చేరుతాయి. భోజనం ముందు, నాట్యం తరువాత అయితే నర్తకీమణులకు ప్రేక్షకులు తగ్గుతారని నాతో ఒకరు అన్నారు. ఏకాంతసేవ చేసి స్వామివారినే వేళకు పవళింపజేసే చోట, భక్తుల భోజనానికి ఒక వేళ పెట్టడం అసాధ్యం కాదనుకొంటాను.

రెండవది మహాశివరాత్రి గురించి. జాగరణను నేను వద్దనను. సంవత్సరానికి ఒక్క రాత్రి నాలుగు జాముల అభిషేకం చూస్తూ మేల్కొని ఉంటే ఆరోగ్యవంతుని గడియారం నాలుగైదు రోజులలో సర్దుకొంటుంది. నా భయం తెల్లవారి ఇంటికి వెళ్లే దారి గురించి. 24 గంటలు నిద్ర లేని మనిషి చేతులు, కళ్లు పనిచేసే తీరు, రక్తంలో 0.10 శాతం మద్యం ఉన్నవాని తీరుతో సమానమని 1997లోనే కొలిచి చూశారు. ఈ దేశంలో దాదాపు అన్ని రాష్ట్రాలలోనూ డ్రైవింగుకు చట్టం విధించిన హద్దు 0.08. ఎంతో నిష్ఠగా ఉపవాసముండి, మద్యం వాసన ఎరుగని మన భక్తులు, ఫిబ్రవరి మంచులో, శరీర ఉష్ణోగ్రత అత్యల్పంగా ఉండి కునుకు బలంగా పట్టే ఆ తెల్లవారుజామున, వెనుక సీట్లో పిల్లలతో హైవే ఎక్కుతారు.

అందుచేత కార్యవర్గం అనుమతితో ఈ సంవత్సరం ఒక ఏర్పాటు చేస్తున్నాము. శివరాత్రినాడు ఇంట్లో పదింటికే పడుకొని, ఉదయం ఐదున్నరకు ఆలయానికి వచ్చి, జాగరణ చేసినవారిని వారి కార్లలోనే ఇళ్లకు చేర్చే స్వచ్ఛంద సేవకులు ఇరవైమంది కావాలి. 21 ఏళ్లు నిండి, లైసెన్సు ఉన్నవారు, ఆ రాత్రి నిజంగా నిద్రపోతామని మాట ఇవ్వగలవారు పేర్లు రాయవచ్చు. కాగితం భోజనశాల ద్వారం వద్ద ఉన్నది. మొదటి పేరు నేను రాశాను.